హాల్లోనే నా పక్క

అమ్మాయ్ లీలా, నా గురక పోయిందే తల్లీ, పూర్తిగా పోయింది!

నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని గుంటూరు డాక్టరుగారు, ముక్కుకి మాస్కు తగిలించి గాలి ఊదే మిషన్లు రెండు చూపించారు. పెద్దది ఇంట్లోకే పనికొస్తుంది. చిన్నది టిఫిన్ క్యారియరంత ఉంది. ఇంట్లోనూ వాడొచ్చు, సంచిలోనూ పెట్టుకెళ్లొచ్చు, కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది.

"ఊళ్లు బాగా తిరుగుతారా పెద్దాయనా?" అన్నారు.

"ఒక్క వినుకొండేనండి, మా అమ్మాయి ఇంటికి. ఒక్క రాత్రి చాలు" అని చిన్నదే తీసుకున్నాను.

వారం నుంచి ఇల్లంతా నిశ్శబ్దం. మీ అమ్మ రెండుసార్లు తట్టి లేపి, "ఏవండీ, ఉన్నారా?" అని చూసుకుంది.

నీ కొడుకు అన్నప్రాసననాడు మీ మామ వీరరాఘవయ్య ఏమన్నాడు? "బావగారూ, మీ గురకకి మా చుట్టాలు పారిపోతున్నారు" అని పదిమందిలో నవ్వి, నా పక్క పత్తి కొట్టంలో వేయించాడు. నాలుగేళ్లుగా మనవణ్ణి చూసి, ఆఖరి బస్సుకి తిరిగొచ్చేస్తున్నాను.

ఆదివారం మీ గృహప్రవేశానికి వస్తున్నా. హాల్లో అందరి మధ్య, ఆయన పక్కనే పడుకుంటా. ఆనాడు నేను కొట్టంలో కన్ను మూయలేదు. అయినా హాల్లోంచి గురక మోగుతూనే ఉంది. అది మీ మామది! ఇన్నాళ్లూ నా గురక చాటున దాక్కున్నాడు.

అద్దంకి పెదనాన్నకి చెప్పు. ఒంగోలు మేనత్తకి, మీ ఆడపడుచుకి, ఆవిడ మొగుడికి చెప్పు. ఆ రాత్రికి అందర్నీ ఉండిపొమ్మను. మీ అత్తగారికి మాత్రం చెప్పక్కర్లేదు, ఆవిడకి పెళ్లయిన నాటినుంచీ తెలుసు.