ఈకల గుండె

"దేవుడికి నల్ల గుండె పెడతావా?" అని ఎలాదియో తిబుర్సియో మీద విరుచుకుపడ్డాడు.

తెల్లారితే యేసు తిరుహృదయ పండుగ. తిబుర్సియో పిట్ట ఈకలు అంటించి చేసిన పటం చర్చి గోడకెక్కితే, ఊళ్లో మగవాళ్లంతా మెడలెత్తి చూస్తున్నారు. క్రీస్తు ముఖం బాగుంది, చేతులు బాగున్నాయి, రొమ్ము మీది గుండె మాత్రం బొగ్గుముక్క. ఈ ఏటి పండుగ నెత్తినేసుకున్న ఎలాదియో, సాయంత్రంలోగా పటం దించెయ్యమని తేల్చేశాడు. దించితే ఇక తిబుర్సియో చేత ఈ చుట్టుపక్కల ఎవరూ పటం చేయించుకోరు.

ఆడవాళ్ల వైపు, స్తంభం పక్క మూల బెంచీలో జపమాల తిప్పుతున్న ఒబ్దూలియాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె కంటికి ఆ గుండె నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది.

"ఎరుపే కదయ్యా అది," అంది.

"కళ్లజోడు మార్చుకో వదినా," అన్నాడు ఎలాదియో. మగవాళ్లు నవ్వారు.

ఆమెకి ఒళ్లు మండింది. లేచి నాలుగడుగులు ముందుకేసింది. గుండె నల్లబడింది. వెనక్కి వెళ్లి కూర్చుంది. ఎరుపు. మళ్లీ లేచింది. నలుపు. యాభై రెండేళ్లకే కళ్లు ఇంత మోసం చేస్తాయా, లేక సైతాను చర్చిలోకే వచ్చి ఆటలాడుతున్నాడా? భయమేసి సిలువ గుర్తు వేసుకుంది.

తిబుర్సియో టోపీ నలుపుకుంటూ తల వంచుకునే ఉన్నాడు. ఆ మనిషి నోట మాట రావడమే గగనం. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె అంగట్లో కొరుండాలు కొంటాడు. పొగలు కక్కే ఆ మొక్కజొన్న పొట్లాల ముందు నిలబడి 'మూడు' అంటాడు, తీసుకుని వెళ్లిపోతాడు.

చివరికి ఫాదర్ గారే నిలదీస్తే నసిగి నసిగి చెప్పాడు. అవి హమ్మింగ్‌బర్డ్ గొంతు ఈకలు. వాటిలో ఎర్ర రంగంటూ లేదు, ఉన్నదంతా వెలుగు చేసే మాయ. మగపిట్ట ఆడపిట్ట ముందు ఎగిరెగిరి ఆడేటప్పుడు గొంతు దానివైపే తిప్పుతుంది. దానికి నిప్పు, మిగతా లోకానికి బొగ్గు. ఈకని ఎటు వాల్చి అంటిస్తే అటే ఎరుపు.

ఎలాదియో ఊపిరి పీల్చుకున్నాడు. "అదా సంగతి. కొలత తప్పి ఆ మూలకి వాల్చావన్నమాట. ఆ బెంచీలో ఈవిడ తప్ప ఎవరు కూర్చుంటారు? పటం కాస్త ఇటు తిప్పు. ఊరంతా చూస్తుంది, నీ పరువూ దక్కుతుంది."

ఒబ్దూలియాకీ అదే న్యాయమనిపించింది. తిప్పేస్తే పోయేదానికి ఈ మనిషి ఇంకా కదలడేం? అనుకుంటూ, జపమాల తగిలిద్దామని బెంచీ మేకు తడుముకుంది. మేకుకి కట్టి ఉన్న సన్నటి దారం ముక్క వేలికి తగిలింది. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఆమెకి అంతుపట్టలేదు.

ఈలోగా తిబుర్సియో నిచ్చెన వేసుకుని, పటం కట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"దించమనలేదయ్యా, తిప్పమన్నాను," అన్నాడు ఎలాదియో.

"తిప్పను," అన్నాడు తిబుర్సియో, మొదటిసారి తలెత్తి. "కొలత తప్పలేదు. ఆ బెంచీకి మూడుసార్లు కొలిచాను."