గూడు పీకిన కాకి

వాగు ఒడ్డు బడిలో కాకి సరదాకని గిజిగాడి గూడు పీకేసింది. కొంగ పంతులు పూర్వమైతే ఒంటికాలి మీద నిలబెట్టేవాడు. ఆయనకది విశ్రాంతి అన్న సంగతి వేరు. ఇప్పుడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాడు.

"క్షమించరా," అంది కాకి ఏడోసారి.

గిజిగాడికి ఒళ్లు మండింది. "వానొస్తే నీ క్షమాపణలో పడుకోనా? పంతులుగారూ, నాకు గూడు కావాలి!"

కొంగ తల గోక్కున్నాడు. "కాకీ, గడ్డిపీచు తెచ్చివ్వు. వాడు అల్లుకుంటాడు."

కాకి పుల్ల తెచ్చింది. "పీచు తెమ్మంటే పుల్లేమిటి?" అని కసిరాడు గిజిగాడు. ఎండుపీచు తెచ్చింది. "పచ్చిది, మొద్దూ!"

పొద్దు వాలేసరికి కాకికి రెక్కలు లాగేశాయి. గూడు పిడికెడే అయింది.

"ఒక్క గూటికి ఇంత చాకిరీనా! ముందే చెప్పొచ్చుగా?"

"పొద్దుటినుంచీ అదేగా మొత్తుకుంటున్నా!"

కాకి ఎవరూ పంపకుండానే మరో పీచు కోసం ఎగిరింది.