మాస్టారి లక్ష్యాలు

బీజగణితంలో, రేఖాగణితంలో పిల్లలు చేరాల్సిన లక్ష్యాల పట్టికను లెక్కల మాస్టారు గోడకు అంటించి మూడు నెలలైంది. ఒక్క టిక్కూ పడలేదు.

సోమవారం హెడ్మాస్టరు తనిఖీకి వచ్చి, పాఠమంటే ఆవలించే అమ్మాయిని బోర్డు దగ్గరకు పిలిచారు. త్రిభుజంలో కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలని ఆమె తడబడకుండా నిరూపించింది. మిగతావాళ్లు సమీకరణాలు చకచకా సాధించేశారు.

ఆయన వెళ్లాక మాస్టారు ఆమెను అడిగారు. "నిజం చెప్పు. ఇదెలా జరిగింది?"

"శుక్రవారం మీరు దిద్దిచ్చిన నా నోట్సులో మీ రాజీనామా ఉత్తరం వచ్చేసింది సార్. మాకు లెక్కలు నేర్పడం మీ వల్ల కాలేదని రాశారు. రెండు రోజులూ అందరం కూర్చుని నేర్చుకున్నాం."

ఆమె ఉత్తరం తిరిగి ఇచ్చింది. ఆ వాక్యం కింద ఎర్రసిరా గీత ఉంది. పక్కన ఇలా ఉంది: "జవాబు తప్పు. రేపు తప్పకుండా క్లాసుకు రావాలి."