గంటన్నర దారి

“గంటన్నర అని రాసేట్టయితే ఆ కరపత్రంలో నా పేరు వేయకండి,” అంటూ వెరీనా చేతిలోని పెన్సిల్‌ను పటం మీదికి విసిరికొట్టింది.

కొండదారుల సంఘం వాళ్లు సత్రం వెనక గదిలో కూర్చుని, పిల్లలున్న కుటుంబాల కోసం కొత్త నడకదారి ఒకటి ఖాయం చేస్తున్నారు. చర్చి దగ్గర మొదలై, అడవిలోంచి స్టైన్‌కార్ విడిదికి ఎక్కి, అక్కడ ఇంత తిని, వాగు పక్కనుంచి దిగి మళ్లీ చర్చి దగ్గరికే చేరాలి. దారి గీయడం అరగంటలో అయిపోయింది. పేచీ అంతా టైము దగ్గరే వచ్చింది. విడిదికి గంటన్నర అని దారి పక్కన పసుపు పలకల మీద ముప్పై ఏళ్లుగా రాసి ఉంది. రాసినవాడు వెండెలిన్. రాళ్లకు ఎరుపూ తెలుపూ గుర్తులు వేసేదీ, పలకలు పాతేదీ డెబ్బై నాలుగేళ్ల ఆ పెద్దమనిషే.

పోయిన వేసవిలో ఆ అంకెను నమ్మి వెరీనా కూతురు పౌలాను తీసుకుని ఎక్కింది. మూడు గంటలు పట్టింది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆరేళ్లు నిండినా, కొండ మాట ఎత్తితే చాలు బూట్లు దాచేస్తోంది.

“ఎవరి కాళ్లతో కొలిచారు? మేక కాళ్లతోనా?” అంది వెరీనా.

“నా కాళ్లతోనే కొలిచానమ్మాయ్, గడియారం చేత్తో పట్టుకుని,” అన్నాడు వెండెలిన్.

“మీ కాళ్లు పిల్లలకెలా వస్తాయండీ? పచ్చి అబద్ధం రాసి కొండంతా పాతిపెట్టారు.”

ముసలాయన మొహం కందగడ్డయింది. ముప్పై ఏళ్లలో ఆయన్ని అబద్ధాలకోరు అన్నవాళ్లు లేరు. ఆదివారం పిల్లతో సహా నడిచి చూద్దామన్నాడు. రెండు గంటల్లో చేరితే ఆమె జన్మలో మళ్లీ టైము ఊసెత్తకూడదు. మూడు దాటితే మాత్రం కుంచే రంగుడబ్బా ఆమె చేతికిచ్చి తాను ఇంట్లో కూర్చుంటానన్నాడు. వెరీనా ఆలోచించకుండానే సరేనంది.

పౌలాను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పిల్ల ఒకే ఒక్క షరతు పెట్టింది.

“ఇంకా ఎంత దూరమని అడిగితే నిజమే చెప్పాలి.”

వెరీనా కూతురి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరారు. మొదటి గంట బాగానే గడిచింది. తర్వాత పౌలా ఒక రాయి మీద కూలబడి, ఇంకా ఎంత దూరమంది. వెరీనా నోరు విప్పేలోపే వెండెలిన్ అందుకున్నాడు.

“ఎంతో లేదమ్మా, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే.”

పిల్ల లేచి పరుగెత్తింది. మలుపు అవతల ఇంకో మలుపు కనిపించింది. అక్కడా ఆయన అదే మాట చెప్పాడు. మూడోసారి కూడా అదే చెప్పబోతుంటే వెరీనా ఒంటికాలి మీద లేచింది.

“నా పిల్లకు అబద్ధాలు చెప్పకండి. ఇంకా గంట ఉంది పౌలా. అంతా ఎక్కుడే.”

నిజం విన్న పౌలా కాళ్లు బారజాపుకుని కూర్చుంది. బతిమాలినా కదల్లేదు, జున్ను ముక్క ఇచ్చినా కదల్లేదు. అరగంట గడిచింది. వెండెలిన్ గడియారం మూత తీసి చూసి, టక్కున మూశాడు. ఆ చప్పుడుకే వెరీనా ఒళ్లు మండిపోయింది.

చివరికి పిల్లను వీపున మోసుకుని విడిది చేరేసరికి పదకొండుంబావు. మూడు గంటలా పావు అని వెరీనా గట్టిగా ప్రకటించింది. బల్లల దగ్గర సూపు తాగుతున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. వెండెలిన్ సంచీలోంచి కుంచే రంగుడబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇక ఈ దారి నీదమ్మాయ్. ఏం రాసుకుంటావో రాసుకో,” అన్నాడు. ఆయన గిన్నెలో సూపు అలాగే చల్లారిపోయింది.

గెలిచినా వెరీనాకు కోపం తీరలేదు. వాగు పక్కనుంచి దిగుతున్నంతసేపూ ఆయన్ని దులిపేస్తూనే ఉంది. ఒక్క అబద్ధపు అంకె వల్ల ఎంతమంది తల్లులు ఈ రాళ్ల మీద కూర్చుని ఏడ్చారో తెలుసా అంది. నిజం చెప్పే ధైర్యం లేనివాళ్లు పలకలు పాతకూడదంది. ముసలాయన తల వంచుకుని ముందు నడిచాడు. పౌలా అమ్మ చెయ్యి పట్టుకుని అన్నీ వింటోంది.

సగం దూరం దిగాక కింది నుంచి ఒకావిడ ఎదురొచ్చింది. భుజాన రెండు సంచులు, ఒక చేతిలో కోటు, రెండో చేతికి ఐదేళ్ల బాబు. వాడి మొహమంతా దుమ్ము, కన్నీళ్ల చారలు. బూటు తాడు ఊడి వేలాడుతోంది.

“విడిది ఇంకా ఎంత దూరమండీ?” అని ఆవిడ ముసలాయన్ని అడిగింది.

వెండెలిన్ పక్కకు తప్పుకున్నాడు. “ఆవిణ్ణి అడగండి. ఇవాళ్టి నుంచి టైములు చెప్పేది ఆవిడే.”

ఎక్కేవాళ్లకు ఇంకా గంటకు పైనే ఉంది. వెరీనాకు అది నిమిషాలతో సహా తెలుసు. బాబు చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని ఆమె మొహంలోకి చూశాడు. వాడి కింది పెదవి వణకడం మొదలైంది. నిజం చెప్పడానికి పౌలా నోరు తెరిచింది. వెరీనా కూతురి చెయ్యి గట్టిగా నొక్కింది.

“ఎంతో లేదు నాన్నా,” అంది. “ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే.”