లైటు వెయ్యమ్మా

పోయినవాళ్లు ఇంటింటా ట్యాబుల్లో మాట్లాడుతున్న రోజులవి. అప్‌డేట్ వచ్చిన పొద్దుట మౌనిక వంటగట్టు మీది ట్యాబ్ మసకేసింది. ఏడేళ్లప్పుడే పోయిన కూతురు తన్వి ఉండేది అందులోనే, అమ్మను చూసేది దాని కెమెరాలోంచే.

"పాతవాటికి ఇక ఇంతే వెలుగండీ," అన్నాడు కంపెనీ మనిషి ఫోన్లో.

మౌనిక కిటికీలు మూసి, లైటు ఆర్పింది. చీకట్లో బిడ్డ మొహం తేటగా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఎక్కడున్నావే? నాకేం కనబడట్లేదు. భయమేస్తోంది. లైటు వెయ్యమ్మా."

మౌనిక కాసేపు ఆ మొహాన్నే చూసి, లేచి లైటు వేసింది.

"ఇప్పుడు కనిపించావు," తన్వి నవ్వు వినిపించింది. "నా పన్ను చూడు, ఇంకా ఊగుతోంది."

వెలుగుకి నల్లబడ్డ ట్యాబ్ అద్దంలో మౌనికకు తన మొహమొక్కటే కనిపించింది.

"చూస్తున్నా బంగారం," అంది.