కాస్త పిల్లని చూస్తుండు

"లోపల సిగ్నల్ లేదు. కాస్త మా మనవరాల్ని చూస్తుండవయ్యా," అంటూ సూటు వేసుకున్న పెద్దమనిషి పిల్లని మా హోటల్ వంటమనిషి ఆడెల్‌కి అప్పగించి, ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు.

ఆడెల్ కోడిని కోస్తున్న కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పిల్ల మూతికంటిన తేనె తుడిచాడు. అది కిలకిలా నవ్వింది.

తిరిగొచ్చిన పెద్దమనిషి పొంగిపోయాడు. "ఏం మంత్రం వేశావయ్యా! కొత్తవాళ్ల దగ్గర ఉండనే ఉండదిది. పైగా నీ చేతి చికెన్ అమృతం. వచ్చే వారం కూడా నువ్వే వండాలి సుమా!"

కారు కదిలాక ఆడెల్ ఆశగా నా వైపు తిరిగాడు. "అక్కా, పొద్దున నా పెరోల్ విచారణకి వెళ్లావుగా. ఏమన్నారు?"

అమెరికాలోని మా అలబామాలో ఆ విచారణకి ఖైదీని పిలవరు. మొహమైనా చూడకుండానే తేల్చేస్తారు. జైలువాళ్లు పనికి పంపితే రోజూ వాళ్ల వ్యానులో వచ్చి నా హోటల్లో వండిపెట్టే ఈ మనిషి గురించి నేను నోరు తెరిచానో లేదో, "వదిలితే జనానికి ప్రమాదం" అని పెరోల్ బోర్డువాళ్లు కొట్టిపారేశారు. ఆ మాటే ఆడెల్‌కి చెప్పాను.

"ఎవరన్నారక్కా అంత మాట?"

బల్ల మీద పెద్దమనిషి చీకి వదిలిన ఎముకలున్నాయి. ప్లేటుతో సహా చెత్తబుట్టలో గిరాటేశాను.

"ఇందాక నీకు మనవరాల్ని అప్పజెప్పినవాడే."