వియ్యపురాలి కంచం

"ఒసేయ్, ముందు ఆ స్టూలు దిగు!"

తల్లి అరుపుకి, కుట్టుమిషన్ పెట్టుకున్న ఆ ముందుగది అదిరింది. పై అరలోంచి గుడ్డల తాను దించుతున్న కూతురు, దాన్ని చంటిబిడ్డలా భుజాన వేసుకుని, నవ్వుతూ దిగింది.

"ఏం కాదులేమ్మా."

"మీ అమ్మాయి ఉడుతే వదినగారూ, ఎక్కడికంటే అక్కడికి ఎక్కేస్తుంది" అంది వియ్యపురాలు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. కాళ్ళు చిన్న పీట మీద చాపుకుంది. వెనక మెత్తటి దిండు. ఒళ్ళంతా కప్పేలా శాలువా.

'ఉడుతకైనా ఈ స్థితిలో ఎవరైనా బరువులు పెడతారా తల్లీ' అని నోటిదాకా వచ్చింది తల్లికి. మింగేసింది. మాట మింగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలేమో. వీధిలో ఆమె పేరు రేడియో. కరెంటు పోయినా ఆగని రేడియో.

మొన్న కూతురు ఫోన్ చేసి, "అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు రక్తం పట్టాలంటే ఏం తినాలి?" అని అడిగిందో లేదో, "నా తల్లే, నా బంగారమే!" అంటూ ఫోన్ గట్టు మీద పడేసి వీధిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చి ఫోన్ అందుకునేసరికి, "ఎవరికీ చెప్పకమ్మా. బయటికి పొక్కడం అత్తయ్యకి ఇష్టం లేదు. ఆవిడ ముందు ఆ ఊసే ఎత్తకు" అంటోంది కూతురు. అప్పటికి ఎదురింటావిడా పక్కింటావిడా గుమ్మంలోకి వచ్చేశారు కూడా.

సంబరం సంబరమే, భయం భయమే. ఈ పిల్లని కన్నప్పుడు తన ఒంట్లో రక్తం లేదు. గోళ్ళు సున్నం కొట్టినట్టుండేవి. మెట్లెక్కితే గుండె దడదడలాడేది. 'కడుపుతో ఉంటే అంతేలే' అనుకున్నారు అందరూ. చివరికి కాన్పులో చావు తప్పి కన్ను లొట్టపోయింది. అందుకే వెతికి వెతికి ఖర్జూరాలు, సెనగలు, ఎండుద్రాక్ష సంచినిండా కట్టుకుని ఆగమేఘాల మీద వచ్చి వాలింది.

వస్తే ఏముంది! ఆ ఖర్జూరాల పొట్లం నేరుగా వియ్యపురాలి ఒళ్ళోకి వెళ్ళింది. భోజనాల దగ్గర గుడ్లన్నీ ఆవిడ కంచంలోకే. ఆకుకూర వేస్తే ఆవిడకి గరిటెడు, కూతురికి చిటికెడు. ఇంతలో మామగారు కాలేయం వేపుడు పొట్లం తెచ్చి, "వేడిగా ఉండగానే తిను" అని పెళ్ళాం ముందు పెట్టాడు. కోడలి తల్లి వచ్చి ఉందని అప్పుడు చూశాడేమో, కొత్త పెళ్ళికొడుకులా ఎర్రబడి, చెప్పులైనా సరిగా వేసుకోకుండా బయటికి జారుకున్నాడు.

'కొడుక్కి పెళ్ళి చేసినా ఈ ముద్దుమురిపాలకేం తక్కువ లేదు' అని మూతి తిప్పుకుంది రేడియో. తప్పులేదులే, ఆవిడకి చిన్నతనంలోనే పెళ్ళయింది. తలలో ఒక్క వెంట్రుక నెరవలేదు. అయినా మరీ ఇంతా? ఈ మధ్య ఒళ్ళు కూడా చేసింది. చేయదా మరి, తినేది ఎవరి తిండి!

భోజనం ముగిసి వియ్యపురాలు టీ గ్లాసు అందుకోబోతే కూతురు చటుక్కున లాక్కుంది.

"అన్నం తిన్న వెంటనే టీ ఏంటి అత్తయ్యా? తిన్నదాంట్లో బలం ఒంటికి పట్టొద్దూ? కాసేపాగి తాగండి."

"చూశారా వదినగారూ, ఈ ఇంట్లో పెత్తనం ఎవరిదో!"

'పోనీలే, టీ దగ్గరైనా నోరు లేచింది' అని తల్లి మురిసిపోయేలోపే, కూతురు ఆ టీ తనే గటగటా తాగేసింది. 'మరి నువ్వు తిన్నది ఒంటికి పట్టొద్దుటే' అనుకుంది తల్లి.

ఇక ఆగలేక కూతుర్ని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. కిటికీలో ఐరన్ మాత్రల అట్ట కనిపించింది. సగం ఖాళీ. కాస్త ప్రాణం కుదుటపడింది.

"ఇవైనా సరిగ్గా వేసుకుంటున్నావా?"

"నేనా? లేదే."

"మరి ఇవన్నీ ఎవరు మింగారే?"

"అత్తయ్య."

"మాత్రలు కూడానా!" తల్లి ఆ అట్టని గట్టు మీదికి విసిరింది. "గుడ్లు పోతే పోయాయి, చివరికి మందు కూడా వదలదా? సర్దు బట్టలు. సాయంత్రం బస్సుకి నాతో వస్తున్నావు."

"నేనొచ్చేస్తే అత్తయ్యని ఎవరు చూసుకుంటారు?"

"ఆవిడకేం రోగం? ఇద్దరి తిండి ఒక్కతే తింటోంది! నువ్వేమో చీపురుపుల్లలా అయ్యావు. నేను పడ్డది నీకు తెలీదే. కళ్ళు తెరిచేసరికి బిడ్డ బతికుందో లేదో అడగడానిక్కూడా నోరు పెగల్లేదు నాకు. ఆ గతి నీకు పట్టనివ్వను. ఈ రోజు ఆ మహాతల్లిని కడిగిపారేసే వెళ్తాను."

ముందుగది వైపు కదలబోతున్న తల్లికి అడ్డంగా నిలబడి, కూతురు తలుపు మూసింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరు మాత్రం నవ్వాపుకోలేకపోతోంది.

"ఫోన్లో నన్ను ఒక్క ముక్క చెప్పనిచ్చావా నువ్వు? తర్వాతేమో, నీకు చెబితే తెల్లారేసరికి వీధంతా మోగుతుందని భయపడ్డాను. ముందు నా మీద ఒట్టు వెయ్యి. ఈ మాట నీ నోరు దాటకూడదు."

"వేశాను. చెప్పు."

"కడుపుతో ఉన్నది అత్తయ్యే అమ్మా."